దీర్ఘకాలిక రక్త క్యాన్సర్లు – సీఎంఎల్, సీఎల్ఎల్: తరచుగా అడిగే ప్రశ్నలు

దీర్ఘకాలిక రక్త క్యాన్సర్లు అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ, వాటిలో ముఖ్యమైన రెండింటికీ నడుచుకోవాల్సిన తీరు పూర్తిగా వేరు. సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా) ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా ఒక్క రోజు కూడా మాత్ర మానకూడదు. సీఎల్ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా) ఉన్నవాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి ఏ మందూ అక్కర్లేదు. ఈ తేడా తెలియక మొదటివాళ్లు బాగైపోయిందని మందు ఆపేస్తారు, రెండోవాళ్లు అవసరం లేని మందు కోసం ఆసుపత్రులు మారుతుంటారు. అందుకే ఇక్కడ రెండింటి గురించీ విడివిడిగా చెబుతున్నాం.

దీర్ఘకాలికం అంటే నయం కాదనా?

కాదు, మెల్లగా ముదిరేదని అర్థం. ఎక్యూట్ ల్యుకేమియాలో, అంటే వేగంగా ముదిరే రక్త క్యాన్సరులో, ఎముక మజ్జలోని పసికణాలు ఎదగడం ఆగిపోయి గుట్టలుగా పేరుకుంటాయి. వారాల్లోనే పరిస్థితి ప్రాణం మీదికి వస్తుంది. క్రానిక్ (దీర్ఘకాలిక) రకాల్లో కణాలు చాలావరకు ఎదుగుతాయి. సీఎంఎల్‌లో అవసరానికి మించి పుడతాయి, సీఎల్ఎల్‌లో చావాల్సిన సమయానికి చావకుండా పోగుపడతాయి. అందుకే చాలామందికి ఏ బాధా లేకుండానే, వేరే పని మీద చేయించుకున్న సీబీపీలో (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) ఈ జబ్బు బయటపడుతుంది.

ఎందుకు వస్తుంది? పిల్లలకు వస్తుందా?

రెండూ అంటువ్యాధులు కావు. సీఎంఎల్ వంశపారంపర్యం కాదు, పిల్లలకు పరీక్షలు చేయించనక్కర్లేదు. హిరోషిమా, నాగసాకి బాంబుదాడుల నుంచి బయటపడినవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది కాబట్టి, భారీ మోతాదు రేడియేషన్ ఒక కారణమని తెలుసు. కానీ రోగుల్లో దాదాపు అందరి విషయంలో కారణం ఫలానా అని చూపించలేం. సీఎల్ఎల్ ఉన్నవాళ్ల తోబుట్టువులకు, పిల్లలకు ముప్పు కొంచెం ఎక్కువే. అయినా ముందస్తు పరీక్షల వల్ల ఉపయోగం లేదు. ఎందుకో సీఎల్ఎల్ భాగం చదివితే తెలుస్తుంది.

సీఎంఎల్

ఏ లక్షణాలతో బయటపడుతుంది?

ఎడమ పక్క డొక్క కింద బరువుగా ఉండటం, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్టు అనిపించడం, బరువు తగ్గడం, నీరసం, రాత్రిళ్లు చెమటలు. మొదటి రెండింటికీ కారణం ప్లీహం పెరగడమే. దాన్ని గ్యాస్ అనుకుని నెలల తరబడి గ్యాస్ మాత్రలు వాడేవాళ్లు ఎక్కువ. తెల్ల కణాలు లక్ష దాటి ఉండటం మామూలే. పాశ్చాత్య దేశాల్లో ఇది అరవై దాటినవాళ్ల జబ్బు. మన దగ్గర మాత్రం ముప్పై, నలభై ఏళ్లవాళ్లలో ఎక్కువగా చూస్తాం. ఇల్లు గడిపే వయసు కావడంతో మందు మానేయడానికి ఖర్చు, ఉద్యోగం, ప్రయాణాలు కూడా కారణాలవుతాయి.

ఏయే పరీక్షలు చేస్తారు? మజ్జ పరీక్ష తప్పదా?

సీబీపీతో పాటు స్మియర్ (గాజుపలక మీద పూసిన రక్తపు చుక్క) చూడగానే అనుమానం వస్తుంది. ఎదుగుదలలో అన్ని దశల తెల్ల కణాలూ కలగలిసి కనిపిస్తాయి, బేసోఫిల్స్ అనే తెల్ల కణాలు పెరుగుతాయి. జబ్బు ఇదేనని తేల్చేది మాత్రం ఫిలడెల్ఫియా క్రోమోజోము, లేదా దాని నుంచి పుట్టే బీసీఆర్-ఏబీఎల్ జన్యువు. ఈ క్రోమోజోమును 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ గుర్తించారు. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు స్థానాలు మార్చుకోవడం వల్ల అది ఏర్పడుతుందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు.

మజ్జ పరీక్ష మొదట్లో ఒకసారి తప్పనిసరిగా చేయించుకోవాలి. జబ్బు ఏ దశలో ఉందో, ఫిలడెల్ఫియాతో పాటు ఇతర క్రోమోజోము లోపాలున్నాయో లేదో చెప్పేది అదే. ఆ తర్వాత మామూలుగా చేతి నుంచి తీసిన రక్తం చాలు.

బీసీఆర్-ఏబీఎల్ జన్యువును వెతికే పరీక్షే పీసీఆర్. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మొదటి పీసీఆర్‌లో బీసీఆర్-ఏబీఎల్ ఏ రకమో రాయించుకోవాలి. ఎక్కువమందిలో అది పీ210 రకం. కొద్దిమందిలో పీ190 లేదా పీ230 ఉంటుంది. తర్వాత చేసే కొలత పరీక్షలు సాధారణంగా పీ210ని మాత్రమే పట్టుకుంటాయి. పీ190 ఉన్న మనిషికి ఆ పరీక్ష చేస్తే జబ్బు ఉండగానే సున్నా వస్తుంది. అందుకే మొదటి రిపోర్టు ఎప్పటికీ పారేయకండి.

దశలంటే ఏమిటి?

క్రానిక్, యాక్సిలరేటెడ్, బ్లాస్ట్ అని మూడు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మొదటి దశలోనే దొరుకుతారు. మజ్జలోగానీ రక్తంలోగానీ బ్లాస్ట్ కణాలు (ఎదగని పసికణాలు) 20 శాతం చేరితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది బ్లాస్ట్ దశ. అప్పుడది ఎక్యూట్ ల్యుకేమియాలాగే ప్రవర్తిస్తుంది. వైద్యమంతా అక్కడిదాకా పోనివ్వకుండా ఉండటానికే.

ఏ మందు ఇస్తారు? ఎలా వేసుకోవాలి?

పీసీఆర్ రిపోర్టు వచ్చేలోపు కణాల సంఖ్య తగ్గించడానికి హైడ్రాక్సీయూరియా, యూరిక్ ఆమ్లం పెరగకుండా అల్లోప్యూరినాల్ ఇస్తారు. నీళ్లు బాగా తాగమంటారు. నిర్ధారణ కాగానే అసలు మందు మొదలవుతుంది. చాలామందికి అది ఇమాటినిబ్ 400 మి.గ్రా., రోజుకు ఒకసారి. భోజనంతో పాటు, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతులవుతాయి. మింగలేనివాళ్లు 400 మి.గ్రా. మాత్రను 200 మి.లీ. నీళ్లలో కలిపి, కరగగానే తాగేయవచ్చు.

రెండో తరం మందులు డాసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్. ఇవి జబ్బును త్వరగా తగ్గిస్తాయి. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు, భవిష్యత్తులో మందు ఆపాలనుకునే చిన్న వయసువాళ్లకు మొదటి నుంచే ఇవ్వవచ్చు. అయితే ఎక్కువ కాలం బతికే అవకాశం విషయంలో ఇమాటినిబ్ కన్నా ఇవి గొప్పవని అధ్యయనాల్లో తేలలేదు. కాబట్టి ‘మాకు పాత మందే ఇచ్చారు’ అని దిగులు పడాల్సిన పని లేదు. నిలోటినిబ్ విషయంలో పద్ధతి తలకిందులవుతుంది. వేసుకునే రెండు గంటల ముందు, వేసుకున్నాక గంట వరకు ఏమీ తినకూడదు. ఇమాటినిబ్ నుంచి నిలోటినిబ్‌కు మారినవాళ్లు పాత అలవాటుతో అన్నంతో వేసుకుంటే, మందు రక్తంలో మోతాదు మించి గుండె లయ మీద ప్రభావం చూపవచ్చు.

జెనరిక్ ఇమాటినిబ్ నమ్మవచ్చా?

నమ్మవచ్చు. అమెరికాలో 2001లో అనుమతి పొందిన గ్లివెక్ (నోవార్టిస్ కంపెనీ ఇమాటినిబ్) ఒకప్పుడు మన దేశంలో నెలకు లక్ష రూపాయలు దాటేది. హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మాతో పాటు మరికొన్ని భారతీయ కంపెనీలు చేసిన జెనరిక్ దానిలో పదో వంతుకన్నా తక్కువకు వచ్చింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(డి) ప్రకారం నోవార్టిస్ అప్పీలును తోసిపుచ్చడంతో జెనరిక్‌కు అడ్డు తొలగింది. ఇవాళ వేలమంది ఈ మాత్రతోనే ఉద్యోగాలు చేసుకుంటూ మామూలుగా బతుకుతున్నారు. ఒకటే జాగ్రత్త: నెలనెలా కంపెనీ మార్చకుండా ఒకే రకం వాడండి. అప్పుడు పీసీఆర్ పెరిగితే కారణం వెతకడం తేలికవుతుంది.

పీసీఆర్ రిపోర్టులో శాతం ఎంత ఉండాలి?

మందు మొదలుపెట్టాక కణాల సంఖ్య మామూలు స్థాయికి వచ్చేదాకా వారం, రెండు వారాలకోసారి సీబీపీ చేస్తారు. పీసీఆర్ మూడు నెలలకోసారి. రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో చెప్పేదే ఈ శాతం. చేరుకోవాల్సిన మైలురాళ్లు ఇవి: 3 నెలలకు 10 శాతం లేదా తక్కువ, 6 నెలలకు 1 శాతం లేదా తక్కువ, 12 నెలలకు 0.1 శాతం లేదా తక్కువ. ఆరు నెలలకు కూడా 10 శాతం పైన, లేదా ఏడాదికి 1 శాతం పైన ఉంటే మందు పనిచేయడం లేదనే లెక్క.

సీబీపీ మామూలుగా వచ్చింది కదా, ఇంత ఖరీదైన పీసీఆర్ ఎందుకని అడుగుతారు. తెల్ల కణాలు 7,000 ఉన్న మనిషిలో కూడా పీసీఆర్ 40 శాతం ఉండవచ్చు. జబ్బు తిరగబడుతున్న సంగతి సీబీపీలో కనిపించేసరికి విలువైన నెలలు గడిచిపోతాయి.

పరీక్ష చేయించేటప్పుడు చూసుకోవాల్సినవి: ‘క్వాంటిటేటివ్’ అని రాయించుకోవాలి, ఉందో లేదో మాత్రమే చెప్పే ‘క్వాలిటేటివ్’ పరీక్ష ఇప్పుడు పనికిరాదు. ఫలితం అంతర్జాతీయ స్కేలులో ఇచ్చే ల్యాబ్ కావాలి, ప్రతిసారీ అదే ల్యాబ్ కావాలి. రక్తం ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీస్తారు. జిల్లా కేంద్రంలో తీసిన శాంపిల్ హైదరాబాద్‌కో ముంబైకో వెళ్లేటప్పుడు వేడికి, ఆలస్యానికి ఆర్‌ఎన్‌ఏ పాడవుతుంది. పాడైన శాంపిల్లో జబ్బు లేనట్టు తప్పుడు ఫలితం రావచ్చు. శనివారం సాయంత్రం శాంపిల్ ఇవ్వకపోవడం మేలు.

శాతం పెరిగింది. మందు మార్చాలా?

ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. మాత్రలు మానేశారా? మధ్యలో కొత్త మందు ఏదైనా మొదలైందా? ల్యాబ్ మారిందా? 0.03 నుంచి 0.06కు వెళ్లడం చాలాసార్లు కొలతలో వచ్చే తేడానే. నెల తర్వాత మళ్లీ చేయించాలి. నిజంగానే మైలురాయి దాటలేదని తేలితే మ్యుటేషన్ (మందుకు లొంగకుండా చేసే జన్యు మార్పు) పరీక్ష చేస్తారు. దాన్ని పాత మందు ఆపకముందే చేయించాలి. టీ315ఐ అనే మ్యుటేషన్ ఉంటే ఇమాటినిబ్‌తో పాటు రెండో తరం మందులేవీ పనిచేయవు. పొనాటినిబ్ లేదా ఆసిమినిబ్ కావాలి. మందులన్నీ విఫలమైతే, లేదా బ్లాస్ట్ దశకు చేరితే దాత నుంచి మూలకణాల మార్పిడి గురించి ఆలోచిస్తారు. ఒకప్పుడు అదే మొదటి మార్గం, ఇప్పుడు చివరిది.

దుష్ప్రభావాలు ఎలా ఉంటాయి?

ఇమాటినిబ్‌తో పొద్దున్నే కళ్ల చుట్టూ వాపు, పిక్కలు పట్టేయడం, వికారం, విరేచనాలు మామూలు. చర్మం రంగు తగ్గడం మనవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. అది బొల్లి కాదు, హానీ లేదు. మొదటి నెలల్లో కణాలు మరీ పడిపోతే, అంటే న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల కణాలు) 1,000 కన్నా, ప్లేట్‌లెట్లు 50,000 కన్నా తగ్గితే డాక్టరు కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెడతారు. ఆ విరామం ఎన్ని రోజులో వాళ్లే చెప్పాలి.

డాసాటినిబ్ వాడుతూ ఆయాసం, పొడి దగ్గు వస్తే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందేమో ఎక్స్‌రే తీయాలి. టీబీ అని పొరబడే అవకాశం ఉంది కాబట్టి ఏ మందు వాడుతున్నారో ఆ డాక్టరుకు తప్పక చెప్పండి. నిలోటినిబ్‌తో షుగర్, కొలెస్ట్రాల్ పెరుగుతాయి, రక్తనాళాలు మూసుకుపోయే ముప్పుంది. గుండెజబ్బు, అదుపులో లేని మధుమేహం ఉన్నవాళ్లకు అది సరైన ఎంపిక కాదు.

వేరే మందులు, ఆహారం విషయంలో జాగ్రత్తలు?

టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ సీఎంఎల్ మందుల్ని శరీరంలో త్వరగా కరిగించేస్తాయి. మాత్ర వేసుకుంటూనే ఉన్నా వేసుకోనట్టే అవుతుంది. తామరకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఇట్రాకొనజోల్, కొన్ని ఇన్ఫెక్షన్లకు ఇచ్చే క్లారిత్రోమైసిన్ దీనికి విరుద్ధంగా మోతాదు పెంచేస్తాయి. పాంటొప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు డాసాటినిబ్ ఒంటికి పట్టకుండా చేస్తాయి. ఇవి మన ఇళ్లలో రోజూ వేసుకునేవి కావడంతో ఎవరూ మందుగా లెక్కపెట్టరు, డాక్టరుకూ చెప్పరు. గ్రేప్‌ఫ్రూట్, పంపర పనస మానుకోవాలి. పసరు మందులు, భస్మాలు వద్దు. కాలేయం దెబ్బతింటే ఏది కారణమో తేల్చలేక అసలు మందే ఆపాల్సి వస్తుంది.

ఒక పూట మర్చిపోతే? ఉపవాసం ఉంటే?

మర్చిపోతే మర్నాడు మామూలు మోతాదే వేసుకోండి, రెండు కలిపి వద్దు. నెలకు మూడు రోజులు మానేసినా అది పది శాతం. అంతమాత్రానికే 0.1 శాతం మైలురాయి చేరే అవకాశం బాగా పడిపోతుందని పరిశోధనల్లో స్పష్టంగా తేలింది. ఉపవాసం రోజున ఫలహారంతో, రంజాన్ నెలలో ఇఫ్తార్ భోజనంతో ఇమాటినిబ్ వేసుకోవచ్చు. ఊరెళ్లేటప్పుడు పది రోజుల మాత్రలు అదనంగా పెట్టుకోండి. విదేశాలకు వెళ్తుంటే ప్రిస్క్రిప్షన్ కూడా.

జీవితాంతం వాడాలా?

అందరికీ అక్కర్లేదు. కనీసం మూడేళ్లు, వీలైతే ఐదేళ్లకు పైగా మందు వాడి, పీసీఆర్ 0.01 శాతం లేదా అంతకన్నా తక్కువలో రెండేళ్లకు పైగా నిలకడగా ఉన్నవాళ్లు, డాక్టరు పర్యవేక్షణలో ఆపి చూడవచ్చు. అలా ఆపినవాళ్లలో దాదాపు సగం మందికి జబ్బు తిరిగి కనిపిస్తుంది, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. అందుకే ఆ ఆరు నెలలూ నెలకోసారి పీసీఆర్ తప్పదు. 0.1 శాతం దాటగానే మందు మళ్లీ మొదలుపెడితే దాదాపు అందరూ పూర్వస్థితికి వస్తారు. నెలనెలా నమ్మకమైన పీసీఆర్ చేయించుకోలేని పరిస్థితి ఉంటే ఆపే ఆలోచనే పెట్టుకోవద్దు.

పిల్లల్ని కనవచ్చా?

మగవాళ్లు ఇమాటినిబ్ వాడుతూ తండ్రులు కావచ్చు. ఆడవాళ్లు గర్భం దాల్చకముందే డాక్టరుతో మాట్లాడి మందు ఆపాలి. ఈ మందుల వల్ల పిండానికి లోపాలు వచ్చే ముప్పుంది, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో. జబ్బు లోతుగా అదుపులో ఉన్న సమయం చూసుకుని ఆపుతారు. గర్భంతో ఉండగా అవసరమైతే ఇంటర్‌ఫెరాన్ ఇస్తారు. మాత్రలు వాడుతూ బిడ్డకు పాలివ్వకూడదు. మందు వాడుతుండగా నెల తప్పితే భయంతో మీ అంతట మీరు ఏ నిర్ణయమూ తీసుకోకండి, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.

సీఎల్ఎల్

ఇది ఎలా తెలుస్తుంది?

ఇది పెద్దవయసు జబ్బు. లింఫోసైట్లు (ఒక రకం తెల్ల కణాలు) పెరగడం, మెడలో, చంకల్లో నొప్పిలేని బిళ్లలు (వాచిన లింఫు గ్రంథులు) దీని లక్షణాలు. రక్తంలో బీ లింఫోసైట్లు మైక్రోలీటరుకు 5,000 లేదా ఎక్కువ, కనీసం మూడు నెలలు ఉండి, కణాల రకాన్ని గుర్తించే ఫ్లో సైటోమెట్రీ పరీక్షలో సీడీ5, సీడీ19, సీడీ23 గుర్తులు కలిసి కనిపిస్తే సీఎల్ఎల్. స్మియర్‌లో చితికిన కణాలు కనిపించడం దీని గుర్తు. చేతి రక్తంతోనే తేలిపోతుంది, మజ్జ పరీక్ష చాలామందికి అక్కర్లేదు.

క్యాన్సరని చెప్పి మందు ఇవ్వకుండా పంపారు. ఇది సరైనదేనా?

సరైనదే. వినగానే ఇంటిల్లిపాదికీ ఆందోళన కలిగే మాట ఇది. కానీ లక్షణాలు లేని తొలిదశలో మందు మొదలుపెడితే ఆయుష్షు పెరగదని పాత కీమో మాత్రలతో చేసిన పెద్ద అధ్యయనాల్లో తేలింది. కొత్త మందు ఇబ్రుటినిబ్‌తోనూ ఆ ప్రయోజనం కనబడలేదు, దుష్ప్రభావాలు మాత్రం వచ్చాయి. మూడు నుంచి ఆరు నెలలకోసారి సీబీపీ, డాక్టరు చేత్తో చూసే పరీక్ష – ఈ దశలో వైద్యం అదే. కొందరికి జీవితాంతం మందు అవసరమే రాదు.

మరి ఎప్పుడు మొదలుపెడతారు?

తెల్ల కణాలు ఎన్ని లక్షలున్నాయన్న దాన్ని బట్టి కాదు. హిమోగ్లోబిన్ 10 కన్నా, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తగ్గుతూ పోవడం. ప్లీహం డొక్క అంచు కింద 6 సెం.మీ. దాటడం, బిళ్లలు 10 సెం.మీ. చేరడం, లింఫోసైట్లు ఆరు నెలల్లోపు రెట్టింపు కావడం, ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గడం, ఇన్ఫెక్షన్ లేకుండా రెండు వారాల జ్వరం, నెల రోజులు రాత్రి చెమటలు. వీటిలో ఒకటి ఉంటే చాలు. హిమోగ్లోబిన్ హఠాత్తుగా పడిపోతే మాత్రం ముందు కూంబ్స్ పరీక్ష చేయాలి. శరీరం తన ఎర్ర కణాల్నే తాను నాశనం చేసుకుంటూ ఉండవచ్చు. దానికి మొదటి మందు స్టెరాయిడ్.

మందుకు ముందు ఏ పరీక్షలు అవసరం?

ఫిష్ అనే క్రోమోజోము పరీక్షలో 17పీ లోపం (17వ క్రోమోజోములో ఒక ముక్క లేకపోవడం), టీపీ53 జన్యువులో మ్యుటేషన్, మరో జన్యువైన ఐజీహెచ్‌వీ స్థితి. 17పీ లేదా టీపీ53 లోపం ఉంటే మామూలు కీమో పనిచేయదు. డబ్బు, కాలం, ఒంట్లో సత్తువ అన్నీ వృథా. ఇంకొకటి హెపటైటిస్-బి. దాని పాత ఇన్ఫెక్షన్ కాలేయంలో దాగి ఉంటే సీఎల్ఎల్‌కు ఇచ్చే రిటుక్సిమాబ్‌తో తిరగబెట్టి ప్రాణం తీయవచ్చు. ఉపరితల యాంటీజెన్‌తో పాటు కోర్ యాంటీబాడీ కూడా చూడాలి. మొదటిది ఒక్కటే చేసి వదిలేస్తుంటారు.

మందులేవి?

రెండు దారులు. ఇబ్రుటినిబ్, అకలాబ్రుటినిబ్, జనుబ్రుటినిబ్ – ఇవి పనిచేసినంత కాలం రోజూ వేసుకునే మాత్రలు. మొదటి వారాల్లో బిళ్లలు కరుగుతూ, లింఫోసైట్లు మాత్రం రక్తంలో పెరుగుతాయి. గ్రంథుల్లోని కణాలు బయటికి రావడం వల్ల అలా జరుగుతుంది. మందు విఫలమైందని ఆపకండి. గుండె లయ తప్పడం, బీపీ పెరగడం, రక్తస్రావం వీటి ముప్పులు. పన్ను తీయించుకోవాలన్నా ముందే చెప్పాలి, శస్త్రచికిత్సను బట్టి 3 నుంచి 7 రోజులు ముందూ వెనుకా ఆపుతారు.

రెండోది వెనెటోక్లాక్స్ మాత్ర, ఒబినుటుజుమాబ్ ఇంజెక్షన్‌తో కలిపి ఏడాది పాటు. వెనెటోక్లాక్స్ వారానికో మెట్టు చొప్పున పెంచుతారు: 20, 50, 100, 200, 400 మి.గ్రా. ఒక్కసారిగా కణాలు చచ్చి పొటాషియం, యూరిక్ ఆమ్లం పెరిగి కిడ్నీలు, గుండె ఆగే ప్రమాదం ఉంది కాబట్టే ఈ మెట్లు. ప్రతి మెట్టుకూ రోజుకు ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు, చెప్పిన గంటకు రక్తపరీక్ష. ఆసుపత్రి దూరమని ఆ పరీక్ష ఎగ్గొట్టకండి.

టీకాలు?

న్యుమోనియా, ఏటా ఫ్లూ, సర్పి రాకుండా రికాంబినెంట్ టీకా. మందు మొదలయ్యేముందే వేయించుకుంటే బాగా పనిచేస్తాయి. జీవ టీకాలు (బతికున్న క్రిములతో చేసినవి) వద్దు.

ఇతర దీర్ఘకాలిక రకాలు ఉన్నాయా?

ఉన్నాయి, అరుదు. హెయిరీ సెల్ ల్యుకేమియాలో ప్లీహం పెరిగి కణాలన్నీ తగ్గుతాయి, క్లాడ్రిబిన్‌తో చాలామందికి ఏళ్ల తరబడి ఉపశమనం దొరుకుతుంది. మోనోసైట్లు పెరిగే సీఎంఎంఎల్ పేరు సీఎంఎల్‌ను పోలి ఉన్నా వేరే జబ్బు, దానికి ఇమాటినిబ్ పనిచేయదు.

ఎక్కడ చూపించుకోవాలి? ఖర్చు?

హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్ ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ మందు, ఏ పరీక్ష వస్తుందో మొదటి రోజే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. మాత్రకు పథకం వర్తించి పీసీఆర్‌కు వర్తించకపోతే, దానికి నెలకు కొంత పక్కన పెట్టుకోవాలి.

ఏం జరిగితే ఆగకుండా వెళ్లాలి?

100.4 డిగ్రీలు దాటిన జ్వరం, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్ తక్కువగా ఉన్నప్పుడు. తెల్ల కణాలు బాగా ఎక్కువగా ఉండి చూపు మసకబారడం, ఆయాసం, మగత. మగవాళ్లలో గంటల తరబడి తగ్గని బాధాకరమైన అంగస్తంభన. సిగ్గుపడి దాచుకుంటే శాశ్వత నష్టం. నల్లటి విరేచనం, ఆగని ముక్కు రక్తం. సీఎల్ఎల్‌లో ఒక బిళ్ల మిగతావాటికన్నా వేగంగా వారాల్లో పెరిగి, జ్వరం, ఎల్‌డీహెచ్ (రక్తంలో కొలిచే ఒక ఎంజైము) పెరుగుదల తోడైతే అది రిక్టర్ మార్పు (సీఎల్ఎల్ వేగంగా ముదిరే లింఫోమాగా మారడం) కావచ్చు. అప్పుడు పెట్ స్కాన్‌లో బాగా వెలిగిన బిళ్ల నుంచే బయాప్సీ తీయాలి. అందేంత దగ్గర్లో ఉందని మరో బిళ్ల తీస్తే అసలు జబ్బు దొరక్కపోవచ్చు.